చిత్రిక పట్టే చోట స్నేహం

తెలుగు సాహిత్య విమర్శ చదివేవాళ్ళకి 'చిత్రిక పట్టడం' అన్న మాట కొత్త కాదు. మధ్యతరగతి జీవితాన్ని చిత్రిక పట్టిన కథ, కరువు బతుకుల్ని చిత్రిక పట్టిన నవల - ఏ ముందుమాట తిరగేసినా కనిపిస్తుంది. చాలామంది దాన్ని 'చిత్రించడం' అన్న అర్థంలో వాడేస్తుంటారు. నిజానికి చిత్రిక బొమ్మ కాదు, వడ్రంగి పనిముట్టు. గరుకు చెక్క మీద రెండు చేతులతో అదిమిపట్టి తోస్తే పైపొర చుట్టలు చుట్టలుగా లేచి కింద నునుపు తేలుతుంది. చెక్కలో పోగు ఎటు నడుస్తోందో చూసుకుని అటే తొయ్యాలి. ఎదురు తోస్తే చెక్క చీరుకుపోతుంది. అంటే చిత్రిక పట్టాలంటే ముందు అవతలి దాని స్వభావం తెలియాలి. విమర్శకు ఇంతకంటే మంచి పోలిక దొరకడం కష్టమే, కాకపోతే వాడేవాళ్ళకి ఆ పోలిక గుర్తుండాలి.

ఉలి, చెక్కడం, మలచడం, నగిషీ - ఇలా పనివాళ్ళ కొట్టాల నుంచి మన విమర్శ చాలా మాటలు తెచ్చుకుంది. ఆ కొట్టంలో ఉండే ఇంకో సంగతిని మాత్రం తెచ్చుకోలేదు. అది పక్కపక్కన నిలబడి పని చేసేవాళ్ళ మధ్య, ఆ పని వల్లనే పుట్టే స్నేహం. అందులోనూ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పుట్టేది. మన కథల్లో ఆడవాళ్ళు స్నేహితులు కారని కాదు. కష్టం చెప్పుకుంటారు, కన్నీళ్ళు తుడుచుకుంటారు, ఒకరికొకరు ధైర్యం అవుతారు. కానీ వాళ్ళిద్దరి మధ్యా ఒక వస్తువు తయారవడం ఎంత అరుదుగా చూస్తాం!

స్త్రీల స్నేహం అనగానే స్త్రీవాద విమర్శ వర్జీనియా వూల్ఫ్ దగ్గరికి వెళ్తుంది. 1929లో వచ్చిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఆమె మేరీ కార్మైకేల్ అనే రచయిత్రిని ఊహించి, ఆమె రాసిన నవలని చదువుతున్నట్టు రాస్తుంది. ఆ నవలలో క్లోయి, ఒలీవియా అని ఇద్దరు స్త్రీలు. ఒకరంటే ఒకరికి ఇష్టం. అంతవరకూ సాహిత్యంలో స్త్రీలు దాదాపుగా మగవాళ్ళతో ఉన్న సంబంధం ద్వారానే కనిపించారని చెప్పడానికి వూల్ఫ్ ఈ ఇద్దరినీ వాడుకుంది. మనం తరగతుల్లో చెప్పేది ఇక్కడితో ఆపేస్తాం. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి వివరం. వాళ్ళిద్దరూ కలిసేది వంటింట్లోనో పేరంటంలోనో కాదు, ప్రయోగశాలలో. ఒక రకం రక్తహీనతకు మందుగా పనికొచ్చే కాలేయాన్ని తరుగుతుంటారు. ఇద్దరిలో ఒకామెకి పెళ్ళయింది, చిన్నపిల్లలున్నారు, పొద్దుగూకేసరికి ఇంటికి చేరాలి. వాళ్ళ చేతుల్లో పని ఉంది. చూపులు ఒకరి ముఖం మీద కాకుండా బల్ల మీద ఉన్నాయి. వూల్ఫ్ ఈ ప్రయోగశాలని ఊరికే పెట్టలేదని నా నమ్మకం.

అమెరికాలో బాల్టిమోర్ నగరంలో సారా మారియేజ్ అనే వడ్రంగి 2017లో స్త్రీలకోసం, మగ-ఆడ విభజనలో ఇమడనివాళ్ళకోసం ఒక కొయ్యపని శాల మొదలుపెట్టి దానికి 'ఎ వర్క్‌షాప్ ఆఫ్ అవర్ ఓన్' అని పేరు పెట్టింది. వూల్ఫ్ పేరు వినిపించేలా పెట్టిన పేరది. అందులో మారిన రెండు మాటల్నీ గమనించండి. 'గది' పోయి 'పనిశాల' వచ్చింది. 'తనకంటూ' పోయి 'మనకంటూ' వచ్చింది. రాయడానికి ఒంటరి గది కావాలి, కాదనను. కానీ ఆరడుగుల పలకను కొయ్యాలంటే రెండో చివర ఇంకొకరు పట్టుకోవాలి. కొయ్యపని స్వభావంలోనే రెండో మనిషి ఉంది.

మా ప్రాంతంలో వడ్రంగం, స్నేహం అన్న రెండు మాటలూ ఒకచోట వినిపించేది పోతులూరి వీరబ్రహ్మం కథలో. నేనుండేది కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో. బ్రహ్మంగారు పశువులు కాశారని చెప్పే బనగానపల్లె ఒకప్పుడు మా జిల్లాలోనిదే, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఆయన స్థిరపడిన కందిమల్లాయపల్లె కడప జిల్లాలో. విశ్వబ్రాహ్మణ కుటుంబంలో పెరిగిన ఆయన అక్కడ వడ్రంగం చేసుకుని బతికాడని సంప్రదాయం చెబుతుంది. ఆయనకి అందరికంటే దగ్గరైనవాడు సిద్దయ్య, దూదేకుల ముస్లిం కుర్రవాడు. ఈ బంధాన్ని గురుశిష్య బంధంగా, మతాలు దాటిన బంధంగా చెప్పుకోవడం మనకి అలవాటు. నేను దాన్ని ఇంకో వైపు నుంచి కూడా చదువుతాను. దూది ఏకే విల్లు కూడా కొయ్యతో చేసిందే కదా! వడ్రంగి చెయ్యి పడకుండా దూదేకులవాళ్ళ చేతికి పనిముట్టు రాదు. జ్ఞానబోధకి ముందు ఈ రెండు కులవృత్తుల మధ్య ఒక విల్లు ఉండి ఉంటుందని అనుకోవడం నాకిష్టం. ఇది ఊహ, చరిత్ర కాదు. కానీ కథ చెప్పినవాళ్ళంతా బోధని విస్తరించి, పనిని 'వడ్రంగం చేస్తూ జీవించాడు' అన్న ఒక్క ముక్కలో ఎందుకు ముగించారన్నది మాత్రం ఊహ కాదు, విమర్శ అడగాల్సిన ప్రశ్న.

1984లో ఎన్.టి. రామారావు తీసిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర'లో బ్రహ్మంగారుగా ఆయనే నటించాడు, సిద్దయ్యగా బాలకృష్ణ. ఈ స్నేహానికి మన తెర మీద దొరికిన ముఖాలు తండ్రీకొడుకులవి! నటుల ఎంపికకి వేరే కారణాలు ఉండొచ్చు. కానీ ఉలి తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మాత్రమే పోయే సమాజంలో, ఇద్దరు మగవాళ్ళ సాన్నిహిత్యాన్ని వారసత్వంగా తప్ప చూపలేకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు.

మరి ఆడవాళ్ళు? గరిమిరెడ్డి అచ్చమ్మ ఉంది. బనగానపల్లెలో ఆయనకు పశువుల కాపరిగా పని ఇచ్చిన ఇల్లాలు. రవ్వలకొండ గుహలో ఆయన రాస్తుంటే చూసింది, కాలజ్ఞానం అడిగి విన్నది. సిద్దయ్య కంటే ముందు విన్న మనిషి ఆమె. అయినా సంప్రదాయం ఆమెను ఆశ్రయమిచ్చిన తల్లిగా, భక్తురాలిగా చెబుతుందే తప్ప స్నేహితురాలు అనదు. భార్య గోవిందమ్మ ఉంది. ఆమెది పెళ్ళితో మొదలై సమాధి ముందు దుఃఖంతో ముగిసే పాత్ర. మనవరాలు ఈశ్వరమ్మ ఒక్కతే తన పేరుతో తాను నిలబడింది, అదీ మహిమగల మనిషిగా. అచ్చమ్మా గోవిందమ్మా ఎప్పుడైనా ఎదురుపడ్డారా, పడితే ఏం మాట్లాడుకుని ఉంటారు? కథకి ఆ ప్రశ్నే రాదు.

ఇంత పాత కథల మీద నింద వేసి ఊరుకుంటే సరిపోదు. మన సొంత సాహిత్యంలోకి వద్దాం. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' మనలో చదవనివాళ్ళు ఉండరు. చదువుకుని ఉద్యోగం చేసే చెల్లెలి ఇంటికి పల్లెటూరి అక్క వస్తుంది. చెల్లెలు కుండీల్లో పెంచిన మరుగుజ్జు చెట్లని ముచ్చటగా చూపిస్తుంది. గాలిదుమారం వచ్చినప్పుడు బయట ఉన్న పెద్దచెట్టు కింద జనం తలదాచుకోవడం చూసి, ఆ కుండీలోది ఆడదాని బతుకులా ఉందని అక్క గ్రహిస్తుంది. ఎన్ని వ్యాసాలు వచ్చాయో ఈ ప్రతీక మీద! అవన్నీ అక్క చూపుతోనే చూశాయి. అక్క చూపు న్యాయమైనదే. కానీ ఆ బోన్సాయ్‌ని చేసిన చేతుల సంగతేమిటి? వేళ్ళు కత్తిరించి, కొమ్మలకి తీగలు చుట్టి, ఏళ్ళ తరబడి ఒకే మొక్క మీద దృష్టి నిలపడం చిన్న నేర్పు కాదు. అక్క గనక 'ఇదెట్లా చేశావే?' అని అడిగి, పక్కన కూర్చుని ఒక కొమ్మకి తీగ చుట్టి చూసి ఉంటే ఆ అక్కచెల్లెళ్ళ మధ్య ఇంకో రకం సంభాషణ నడిచేది. కథ తప్పని అనడం లేదు. స్త్రీ చేసిన వస్తువు కనబడగానే అది దేనికి ప్రతీక అని అడిగే మనం, ఎలా చేసిందని అడగడం మర్చిపోతున్నామంటున్నాను.

ఓల్గా 'విముక్త' కథల్లో 'సమాగమం' దీనికి చాలా దగ్గరికి వస్తుంది. వాల్మీకి ఆశ్రమంలో ఉన్న సీత శూర్పణఖని కలుస్తుంది. ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖ ద్వేషంలో కాలిపోకుండా అడవిలో అందమైన తోట పెంచింది. చేతులతో చేసే పనిలో తన అందాన్ని మళ్ళీ వెతుక్కుంది. ఒకే మగవాడి కథలో శత్రువులుగా మిగలాల్సిన ఇద్దరిని ఓల్గా స్నేహితుల్ని చేసింది. స్త్రీల మధ్య సోదరీత్వం గురించి తెలుగులో వచ్చిన మంచి కథల్లో ఇదొకటని నా అభిప్రాయం. అయినా ఒక చిన్న అసంతృప్తి ఉంది. సీత వచ్చేసరికి తోట తయారై ఉంది. సీత అతిథి. ఇద్దరూ మాట్లాడుకుంటారు, ఆ మాటలు గొప్పవి. కానీ వాళ్ళిద్దరూ కలిసి ఒక్క పాదు కూడా తవ్వరు. స్నేహం పని తర్వాత వస్తుంది, పనిలోపల కాదు.

పొలం పనిలో ఆడవాళ్ళ సాన్నిహిత్యం మన సాహిత్యంలో ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. జూపాక సుభద్ర, గోగు శ్యామల సంపాదకత్వంలో 2006లో వచ్చిన 'నల్లరేగటి సాల్లు' లాంటి సంకలనాలు చదివితే కలుపు మళ్ళలో, కోతల్లో నడుం వంచిన స్త్రీల లోకం కనిపిస్తుంది. మా సీమలో వేరుశనక్కాయలు ఒలిచే ఇంటి అరుగు మీద ఎన్ని స్నేహాలు పుట్టాయో లెక్క లేదు. అయితే అక్కడి పని వాళ్ళది కాదు. పైన ఒక దొర ఉంటాడు, మేస్త్రీ ఉంటాడు. నేను వెతుకుతున్నది పనిముట్టు కూడా తనదైన స్త్రీని, పని ఎప్పుడు బాగా కుదిరిందో నిర్ణయించే హక్కున్న స్త్రీని.

కొయ్యపనిలో స్త్రీలు ఎప్పుడూ ఉన్నారు. ఏ దశలో ఉన్నారన్నదే చూడాలి. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కర్ర చెక్కేది ఎక్కువగా మగవాళ్ళు, రంగులు వేసేది ఆడవాళ్ళు. చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికి, ఆరిన తర్వాత రంగు వేస్తారు. ఏనుగు అంబారీని చూసిన మన కంటికి ముందు పడేది ఆ రంగే. కానీ 'బొమ్మ చేసినవాడు' అన్న పేరు మాత్రం ఉలి పట్టిన చేతికే దక్కుతుంది.

మా వీధి చివర ఒక వడ్రంగి కొట్టం ఉంది. ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు చేస్తారు. వేపా టేకూ ఎక్కువ. పలక కోసేటప్పుడు రెండో చివర పట్టుకునేది ఆయన భార్య. చెక్కకి గరుకుకాగితం పట్టి నునుపు తేల్చేది, పాలిష్ పట్టేది ఆమే. 'మీరు కూడా వడ్రంగం చేస్తారన్నమాట' అన్నాను ఒకసారి. ఆమె నవ్వి 'అయ్యో, నేనేం చేస్తానక్కా, ఊరికే పట్టుకుంటా అంతే' అంది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ తనే 'నేను పట్టుకోకపోతే ఆయప్ప కోసేదెట్లా?' అంది. నా పరిశోధన రోజుల్లో శ్రమ, గుర్తింపు గురించి చదివిన పుస్తకాలన్నీ ఈ రెండు వాక్యాల మధ్య ఖాళీలో పట్టేస్తాయి.

దీనికి భిన్నమైన చోటు నెల్లూరు జిల్లా ఉదయగిరి. దుర్గం చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కలివి లాంటి కర్రతో అక్కడ గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. పిడి మీద సన్నటి నగిషీ ఉంటుంది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేసేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిం స్త్రీలు. ఆకురాయి, ఉలి వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. రంగు వేసేవాళ్ళుగానో పట్టుకునేవాళ్ళుగానో కాదు, చెక్కేవాళ్ళుగా ఉన్నారు. పరదా, పేదరికం, ముస్లిం స్త్రీ అనగానే మన రచనల్లో తిరిగే మాటలు ఇవే. పక్కపక్కన కూర్చుని ఒకరి చెంచా పిడిని ఇంకొకరు వేలితో తడిమి 'ఇక్కడ ఇంకొంచెం రుద్దు' అనే ముస్లిం స్త్రీలు మన కథల్లోకి ఇంకా రాలేదు. రావాలంటే ముందు మనం వాళ్ళ బాధ కంటే వాళ్ళ పనితనాన్ని చూడటం నేర్చుకోవాలేమో.

ఇక నా సంగతి. కొన్నేళ్ళుగా నేను చిన్న చిన్న కొయ్యపనులు చేస్తున్నాను. ముక్కాలిపీట, పుస్తకాల అర, రోకలి పెట్టుకునే స్టాండు. కొట్టానికి వెళ్ళి నేర్చుకునే వీలు లేని ఆడవాళ్ళం కొందరం దూరదూరాల నుంచి ఫోన్లలో ఒకరికొకరం దొరికాం. వాళ్ళలో ఒకామె కోస్తా జిల్లాలో ఉంటుంది. మేం ఒకరినొకరం ఇంతవరకూ నేరుగా చూసుకోలేదు. ఆమె నన్ను మొట్టమొదట అడిగింది మీ ఆయనేం చేస్తారని కాదు, పిల్లలెందరని కాదు. 'అది వేపేనా? ఎన్నాళ్ళు ఆరబెట్టారు?' అని. ముప్పై దాటిన ఆడదానికి ఒక కొత్త మనిషి నుంచి ఇలాంటి ప్రశ్న రావడం ఎంత తేలికగా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. కర్నూలు ఎండలకి పచ్చి వేప ఆత్రంగా ఆరి పగుళ్ళిస్తుంది, నీడన పెట్టండని ఆమెకి నేను చెప్పాను. ఒక చెక్క కొనను సన్నగా చెక్కి ఇంకో చెక్క బెజ్జంలోకి దిగ్గొట్టే అతుకు, జిగురు లేకుండా ఎలా బిగించాలో ఆమె నాకు నేర్పింది.

ఒక ఏడాది ఆమె పంపే ఫొటోల్లో బల్ల ఒకటి నెలల తరబడి సగం చిత్రిక పట్టి అలాగే ఉండిపోయింది. ఏమైందని నేను అడగలేదు. 'ఆ రెండో పలకకి పోగు తిరగబడి ఉన్నట్టుంది, అటునుంచి తోసి చూడండి' అన్నాను. రెండు రోజుల తర్వాత, తన పెళ్ళి ముగిసిపోయిందని ఆ పలక గురించి రాస్తూనే మధ్యలో ఒక వాక్యంగా రాసింది. తర్వాతి వాక్యంలో మళ్ళీ పలకే. ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పుకోవడమే స్నేహానికి పరాకాష్ఠ అని మన కథలు నేర్పాయి. పక్కకి చూస్తూ, చేతులాడిస్తూ చెప్పుకునే దుఃఖానికి మన సాహిత్యంలో ఇంకా భాష లేదు. వూల్ఫ్ ప్రయోగశాలని ఎందుకు ఎంచుకుందో నాకు అర్థమైంది ఆ ఉత్తరం చదివాకే.

ఈ స్నేహాన్ని ఆకాశానికెత్తడం తేలిక. ఎత్తే ముందు కులం సంగతి చూడాలి. నాకూ నా స్నేహితురాలికీ వడ్రంగం కులవృత్తి కాదు. మేం ఉలి పడితే 'అబ్బ, ఎంత వెరైటీ!' అంటారు. విశ్వబ్రాహ్మణ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల పుట్టినప్పటి నుంచి ఉలి శబ్దం వింటుంది, కానీ ఉలి తమ్ముడికి పోతుంది. అదీ ఇప్పుడు ఫ్యాక్టరీ తలుపులూ ప్లైవుడ్డూ వచ్చాక తమ్ముడికీ పనికిరాకుండా పోతోంది. అంటే ఒక కులం బతుకుతెరువుగా చేయలేకపోతున్న పని, ఇంకో కులానికి తీరిక వేళ ఆనందంగా చేతికొస్తోంది. ఆ ఆనందం అబద్ధమని నేననను. దాని వెల ఎవరు కట్టారో మాత్రం లెక్కలో ఉండాలి.

అమెరికన్ వడ్రంగి నాన్సీ హిల్లర్ రచనలు నాకు నచ్చేది ఈ లెక్క విషయంలోనే. ఇంగ్లండులో పని నేర్చుకుని ఇండియానా రాష్ట్రంలో సొంత కొట్టం నడిపిన మనిషి, 2022లో క్యాన్సర్‌తో చనిపోయింది. 2017లో వచ్చిన 'మేకింగ్ థింగ్స్ వర్క్'లో ఆమె చేతిపని మీద ఉండే మోజునంతా గరుకుకాగితం పెట్టి రుద్దేస్తుంది. బేరాలాడే ఇంటివాళ్ళు, రాని డబ్బులు, నెలాఖరు బిల్లులు - అన్నీ నవ్విస్తూ చెబుతుంది. చివరి ఏళ్ళలో తోటి పనివాళ్ళ గురించి కూడా రాసింది. ఒక్కొక్కరి పనినీ శ్రద్ధగా చూసి, వాళ్ళ మాటల్లోనే వాళ్ళని పరిచయం చేసింది. డీర్‌డ్రీ విస్సర్ 2022లో తెచ్చిన 'జాయినరీ, జాయిస్ట్స్ అండ్ జెండర్' కూడా చరిత్రతో ఆగకుండా ఇప్పుడు పని చేస్తున్న స్త్రీల పరిచయాలతో సాగుతుంది. నాకివి విమర్శ గ్రంథాల్లాగే కనిపిస్తాయి. ఒక పనిమంతురాలు ఇంకో పనిమంతురాలి అతుకుని ఎలా చదువుతుందో చూపిస్తాయి కాబట్టి. తెలుగులో మనం ఒకరి కథకి ఇంకొకరం రాసే ముందుమాటల్లో ఆ శ్రద్ధలో సగమైనా ఉందా అని నాకు అనుమానం. 'అద్భుతంగా చిత్రిక పట్టారు' అని రాసి ముగిస్తాం.

నా స్నేహితురాలి బల్ల పోయిన వేసవిలో పూర్తయింది. ఆ ఫొటో మా వీధి కొట్టంలో చూపించాను. వడ్రంగి తల ఊపి ఊరుకున్నాడు. ఆయన భార్య చేతి పొడి తుడుచుకుని ఫోను తీసుకుంది. అతుకు దగ్గర పెద్దది చేసి చాలాసేపు చూసింది.

'అతుకు బాగా కూర్చుందక్కా. సందు లేదు. ఎంతిచ్చినారంట?'

అమ్మడానికి కాదు, తనకోసం చేసుకుందని చెప్పాను. ఆ సాయంత్రం ఈ మాటలన్నీ స్నేహితురాలికి రాస్తే ఆమె నుంచి ఒక్కటే ప్రశ్న వచ్చింది: 'మరి పాలిష్ పట్టినందుకు ఆమెకెంతిస్తారు?'

మర్నాడు వెళ్ళి అడిగాను.

'నాకా?' అంది కిటికీ రెక్క తిప్పి పట్టుకుంటూ. 'ఆయప్పకే ఇస్తారు కదక్కా. తలుపుకు లెక్క.' తర్వాత మీ ఫ్రెండును కనుక్కో, వాళ్ళ దిక్కు పాలిష్‌కు వేరేగా లెక్క కడతారేమో, అంది.

కనుక్కుంటున్నాం.